నోరీన్ బూటు దరువు

గలగలలాడేలా బీరుసీసా మూతలు కొట్టిన కర్రతో దరువేసే క్లెమ్, డార్విన్ నగరానికి వెళ్లిపోయాక, ఆస్ట్రేలియాలోని మడ్జీ ఊళ్లో డాన్సులకి అకార్డియన్ వాయించే నోరీన్‌కి దరువేసే మనిషి దొరకలేదు. ఒకడికి శనివారాలు కుదరవు. ఇంకొకడికి తన పాటలే వాయించాలి. మూడోవాడు, ట్రాయ్, తన ఫోన్ చూపించి, "ఇంక మనిషెందుకండీ? దరువంతా ఇందులోనే ఉంది," అన్నాడు.

నోరీన్‌కి ఒళ్లు మండింది. "డాన్సులో ముసలాళ్ల అడుగు తడబడితే ఆగుతుందట్రా అది? అవతలికి పో!"

క్లెమ్ వదిలేసి వెళ్లిన కర్రను విరిచి, మూతలున్న ముక్కని తన బూటుకి బెల్టుతో బిగించింది. శనివారం డాన్సు హాల్లో అకార్డియన్ వాయిస్తూనే కాలితో జోరుగా దరువేసింది. డాన్సాడుతున్న ట్రాయ్‌కి ఆయాసమొచ్చింది.

"నోరీన్ గారూ, కాస్త నెమ్మది!"

"మనిషెందుకన్నావుగా! ఇవాళ నన్ను నీ ఫోనే అనుకో!" అంటూ దరువు వేగం ఇంకా పెంచింది.