మైనం తాగని తీగచుట్ట

ఆ వీధిలో ఆమెని చుట్టలత్త అంటారు. కొత్తగా దిగినవాళ్ళు ఆ పేరు విని, ఈవిడ పొగ తాగుతుంది కాబోలని మూతి వంక చూస్తారు. ఆమె చుట్టేది రాగితీగ. గిటారు తంతుల కింద అగ్గిపెట్టెంత బిళ్ళ ఒకటి బిగించి ఉంటుంది. తంతి మోగితే ఆ మోతని పట్టి స్పీకరు పెట్టెలోకి పంపేది అదే. పికప్పు అంటారు. దాని కడుపులో వెంట్రుక కన్నా సన్నటి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఊపిరి గట్టిగా వదిలితే తెగుతుంది, అంత సన్నం.

ఆ పని ఆమె మొగుడిది. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కన కూచుని చూసింది, తర్వాత చేతులు పెట్టింది. ఆయన పోయాక, కొట్టు మూసేయమని చుట్టాలందరూ తలా ఒక సలహా పడేశారు. "మూసి మీ ఇంటికొచ్చి కూచోనా?" అంది. ఆ మాటతో సలహాలు ఆగిపోయాయి.

కొట్టంటే ఇంటి ముందుగదే. కిటికీ కింద కాలిన మచ్చల బల్ల, బల్ల మీద పాత కుట్టుమిషను మోటారుతో ఆయన చేసుకున్న చుట్టే యంత్రం. యంత్రం తిరుగుతుంటే ఆయన తీగని వేళ్ళ మధ్య నడిపిస్తూ కూనిరాగం తీసేవాడు. పాట కాదు. నాలుగు మెట్లు ఎక్కి దిగినట్టు, అంతే. రోజంతా అదే. ఆపమని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. ఇప్పుడు యంత్రం తిప్పితే మోటారు చప్పుడొక్కటే వస్తోంది.

కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద అత్తగారు కూచుంటుంది. చెవులు పోయాయి గానీ పూర్తిగా పోలేదు. రేడియో వినాలంటే దాని చెక్కకి దవడ ఆనిస్తుంది, ఎముక గుండా వినపడుతుందంటుంది. నోరు మాత్రం ఏమీ పోలేదు.

బస్సు నడిపే ఒకతని గిటారులో పికప్పు సగం చచ్చిపోతే చుట్టలత్తే బాగుచేసి ఇచ్చింది. ఆ పికప్పులో ఉన్న రెండు చుట్టల్లో ఒకటి బాగానే ఉంది. రెండోదాని చోట, మొగుడు పోయేముందు చుట్టి అరలో పెట్టిన చుట్ట వేసింది. ఆయన చేతిది అదొక్కటే మిగిలింది. ఇవ్వడానికి చేతులు రాలేదు, కానీ కొలతకి సరిపోయింది అదే. కొద్దిరోజులకే డ్రైవరు గిటారు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

"అక్కా, మోత పెంచితే చాలు, బ్రేకేసినట్టు కీచుమంటోంది. హాల్లో జనం చెవులు మూసుకున్నారు."

"నువ్వు వాయిస్తే మామూలుగా మూసుకోరా తమ్ముడూ?"

"అప్పుడు ఒక చెవే మూసుకుంటారు. ఆదివారం మళ్ళీ వాయించాలి, ఆలోగా చూసిపెట్టు."

ఆ రెండు చుట్టలూ తోడికోడళ్ళ లాంటివి. ఒకటి అటు తిరిగి చుట్టుకుంటే ఇంకోటి ఇటు. గోడల్లో పారే కరెంటు గురగుర ఇద్దరి చెవినా పడుతుంది. ఒకతె ఔనంటే ఇంకొకతె కాదంటుంది కాబట్టి అది అక్కడికక్కడే చచ్చిపోతుంది. తంతి మోత దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. కింద అయస్కాంతాలు కూడా ఎదురుబొదురుగా ఉంటాయి మరి. రెండింటికీ కలిపి నాలుగు కొసలు. ఒకదాని చివరా ఇంకోదాని చివరా కలిపి టంకం వేస్తారు. ఆ అతుకు నుంచి ఇంకో వైరు తీసి, గిటారు మీద మోత తిప్పే నాబు కిందికి తెస్తారు. నాబు పైకి లాగితే అతుకు పోయి ఎర్తుకి తగులుతుంది, ఒక చుట్ట మూగదవుతుంది. మిగిలింది ఒక్కతే పలుకుతుంది. పలుకు సన్నగా, గాజులా ఉంటుంది. దాంతోపాటు గురగురా వస్తుంది. ఒంటిగా ఉన్నదానికి ఊళ్ళో రొదంతా వినపడక తప్పదు.

ఈ గిటారులో నాబు లాగితే మిగిలేది ఆయన చుట్టింది. అలా ఎందుకు కలిపావంటే, "వైర్లు అలా అందాయి" అంటుంది.

గిటారు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, స్పీకరు మోత పెంచి, నాబు లాగింది. గురగుర మొదలైంది. అత్తగారు లేచి వచ్చి గిటారు అంచుకి దవడ ఆనించింది. కాసేపు గురగురే. తర్వాత దాని అడుగున, బావిలోంచి వస్తున్నట్టు, నాలుగు మెట్లు ఎక్కి దిగాయి.

 చుట్టలత్త చేతిలోంచి సోల్డరింగు కడ్డీ జారి బల్ల మీద ఇంకో మచ్చ పెట్టింది.

"వచ్చాడే," అంది అత్తగారు.

"ఎవరు?"

"ఎవరేమిటి, నీ మొగుడు."

చుట్టలత్త నాబు నొక్కింది. గురగుర పోయింది, కూనిరాగమూ పోయింది. మళ్ళీ లాగింది. ముందు గురగుర వచ్చింది, వెనకాలే ఆయన వచ్చాడు.

కీచుమంటే మందేమిటో ఆమెకి తెలుసు. కానీ ఆ రోజు చేయలేదు, మర్నాడూ చేయలేదు. భోజనం కాగానే ముసలావిడ "నాబు ఎత్తవే" అనడం, దవడ ఆనించి కళ్ళు మూసుకోవడం, మధ్యలో తలెత్తి "చలిగా ఉందా నాన్నా" అని అడగడం. చుట్టలత్త గోడకి ఆనుకుని వింటూ నిలబడేది. భయం వేసేది. ఆ భయం కింద ఇంకోటి కుతకుతలాడేది. అమ్మకి పలుకుతున్నాడు. నాకో?

ముసలావిడ నడుం వాల్చిన ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి నాబు లాగింది. గది అవతల ఉన్న స్పీకరు పెట్టెకి చెవి పెట్టి, "ఏమండీ" అంది. గురగుర. "నేనే" అంది. గురగుర. బతికున్నప్పుడూ ఇంతే. అమ్మ పిలిస్తే చెప్పులు కూడా వేసుకోడు, పెళ్ళాం పిలిస్తే వస్తున్నా వస్తున్నా అంటూ అన్నం చల్లారబెడతాడు. చెంగుతో మొహం తుడుచుకుని నాబు నొక్కేసింది.

శనివారం కూడా అత్తగారు దవడ ఆనించి కూచుంది. కూనిరాగం నడుస్తోంది. బల్ల కింద పడిన మరమేకు కోసం చుట్టలత్త నేల మీద చతికిలబడి, తల పైకెత్తింది. అక్కణ్ణుంచి ముసలావిడ గొంతు కనపడుతోంది. మెట్టు ఎక్కితే గొంతు ఎక్కుతోంది, దిగితే దిగుతోంది. ఆవిడ గుటక వేసింది. స్పీకర్లో కూనిరాగం ఆగింది. గుటక దిగాక మళ్ళీ మొదలైంది.

చుట్టలత్త లేచి, పికప్పు మీద స్క్రూడ్రైవరుతో చిన్నగా తట్టింది. స్పీకరు ఠక్కుమంది. మైనం తాగిన చుట్ట అలా అనదు. చుట్టిన చుట్టని కరిగిన మైనంలో ముంచితేనే చుట్లన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. లేకపోతే చెక్క వణికితే అవీ వణుకుతాయి, వణికిందల్లా మోతగా పంపుతాయి. ఆయన ఇవాళ చుట్టి రేపు మైనం పట్టించే మనిషి. ఆ రేపు ఆయనకి రాలేదు. మైనం వాసన ఉందో లేదో చూడకుండానే, ఆయన చేతిదన్న ధ్యాసలో ఈమె బిగించేసింది. గురగుర వినగానే ముసలావిడ దానికి గొంతు కలుపుతోంది. కలుపుతున్నట్టు ఆవిడకే తెలియదు. నాబు నొక్కితే గురగుర ఉండదు, గొంతూ కలపదు.

పాడేది మీరే అత్తయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అమ్మ దగ్గరికీ రాలేదన్నమాట. ఆ నిమ్మళం ఒక గుక్కెడు సేపుంది. అయితే మరి ఆయన ఎక్కడా లేడు. అది దాని వెనకే వచ్చి కూచుంది.

"అత్తయ్యా, దీనికి మైనం పట్టించాలి. పట్టిస్తే ఇంక వినపడదు."

"ఎందుకు పట్టించడం?"

"రేపు డ్రైవరు వస్తాడు."

"వాడి గిటారు వాడిదే. నా కొడుకు కూడా వాడిదేనా?"

చుట్టలత్త మరమేకుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. ముసలావిడ దవడ తుడుచుకుంటూ ఆమెనే చూసింది.

"నీకెప్పుడైనా పలికాడా?"

"ఇద్దరం వింటూనే ఉన్నాంగా."

"అది కాదు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు."

"లేదు."

"పిలిచి చూశావా?"

"చూశాను."

ముసలావిడ గిటారుని కోడలి వైపు జరిపింది. "పట్టించెయ్," అంది. "ఒకరికి పలికి ఒకరికి పలక్కపోతే ఈ ఇంట్లో ఇద్దరం వేగలేం. నీ మొహం చూస్తూనే ఉన్నాను, రోజురోజుకీ మాడిన మూకుడులా తయారవుతోంది."

చుట్టలత్త పికప్పు ఊడదీసింది. నీళ్ళ గిన్నెలో మైనం గిన్నె పెట్టి సన్నసెగ మీద కరిగించి, దాన్ని అందులోకి దింపింది. చుట్ట అంచు నుంచి ఆవగింజంత బుడగలు వరసగా పైకి రాసాగాయి.

"ఏమిటే అవి?"

"గాలి. చుట్టేటప్పుడు చుట్ల మధ్య పడిన గాలి."

ముసలావిడకి వినపడిందో, పెదాలు చూసి తెలుసుకుందో, పీట వదిలి వచ్చింది. చుట్టేటప్పుడు ఆయన మొహం తీగకి జానెడు దూరంలో ఉండేది, ఊపిరి చుట్ల మీదే పడేది, నోట్లో ఆ నాలుగు మెట్లు ఆడుతుండేవి. చుట్టలత్త గిన్నె మీదికి వంగింది. అత్తగారూ వంగింది.

"జరగవే."

"మీరే జరగండి."

ఎవరూ జరగలేదు. ఒక్కో బుడగా పైకి వచ్చి, చప్పుడు లేకుండా ఇద్దరి ముక్కుల కింద పగులుతోంది. వాళ్ళు ఊపిరి లోపలికే తీస్తున్నారు, వదలడం మరిచిపోయినట్టు. బుడగలు పలచబడ్డాయి.

అవి ఆగగానే బయటికి తీయాలి, అదీ పద్ధతి. ఆగాయి. చుట్టలత్త పట్టకారు పట్టుకుని నిలబడింది, తీయలేదు. కాసేపటికి ఇంకొకటి వచ్చింది.