ఒక్కపొద్దు అన్నాను

మా అక్క ఆపరేషన్ చెడగొట్టింది ఆసుపత్రి వాళ్లేనని మా బంధువుల్లో అందరూ అంటారు. నాలుగేళ్లుగా నా ఎదుటే అంటున్నారు. నేను కాదనలేదు. చెడగొట్టింది నేను.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అర్ధవీడు వైపు పల్లెలో కాపురం. బావ కంది, పత్తి వేస్తాడు, రెండు బర్రెలున్నాయి. ఆ బర్రెలకు గడ్డి మోపులు మోసీ మోసీ అక్కకు బొడ్డు పైన ఉబ్బు వచ్చింది. దగ్గినా, బరువెత్తినా నిమ్మకాయంత పొడుచుకొచ్చేది. హెర్నియా, ఆపరేషన్ చేసి కుట్టేస్తే సరిపోతుంది అన్నారు సర్కారు ఆసుపత్రిలో. అది చిన్న ఆసుపత్రి. కోసే డాక్టరు రోజూ ఉంటాడు, మత్తు డాక్టరు మాత్రం శనివారం ఒక్కరోజే వస్తాడు. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ వాయిదా పడింది. మొదటిసారి అక్కకు బీపీ ఎక్కువగా ఉంది. రెండోసారి మత్తు డాక్టరు రాలేదు.

నేను తర్లుపాడు దగ్గర ఒక బడిలో గుమాస్తాను. నాలుగు అక్షరాలు తెలిసినవాణ్ణని ఆసుపత్రి పనంతా నాకు అప్పజెప్పారు. మూడోసారి శుక్రవారమే చేర్పించాం. రక్త పరీక్షలు, గుండె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు నర్సు నన్ను పక్కకు పిలిచింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి.

"అన్నా, రాత్రి పది దాటినంక పెద్దమ్మకు ఏమీ పెట్టాకండి. అన్నం వద్దు, టిఫిన్ వద్దు, కాఫీ వద్దు. మంచినీళ్లు గూడా వద్దు. ఆమెకు అర్థమయ్యేటట్టు నువ్వే చెప్పు."

తలూపాను. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి మళ్లీ చెప్పింది. అప్పుడే బడి నుంచి ఫోను వచ్చింది. చెవి దగ్గర ఫోను పెట్టుకునే వార్డులోకి వెళ్లాను.

"ఏందిరా, ఏమంటది ఆ పిల్ల?" అంది అక్క.

"ఏం లేదక్కా. రేపు ఒక్కపొద్దు ఉండాలంట."

అక్క నవ్వింది. "ఈ మాటకు నిన్ను రెండుసార్లు పిలవాల్నా? రేపు శనివారం గదరా. నాకెట్లా ఒక్కపొద్దే."

కిటికీ దగ్గర నిలబడ్డ బావ అందుకున్నాడు. "మీ అక్కకు భయమేం లేదు బామ్మర్దీ. కోసేటాయనకే ఉండాల భయం."

"నువ్వు నవ్విచ్చాకు. కుట్లు పడినంక నవ్వితే పిగుల్తాయంట. ఆ నాలుగు రోజులూ బర్రెల కాడనే ఉండు."

మా వైపు శనివారం ఒక్కపొద్దు అంటే అన్నం ముట్టకపోవడం. అన్నం తప్ప ఉప్మా తినొచ్చు, ఇడ్లీ తినొచ్చు, పాలు తాగొచ్చు. ఆ సంగతి నాకు తెలియదా? మా ఇంట్లో మా అమ్మ కూడా అలాగే ఉండేది. నర్సు చెప్పిన నాలుగు వాక్యాలు విప్పి చెప్పడానికి బద్ధకమేసి, నోటికి దగ్గరగా ఉన్న మాట అనేశాను. అంతవరకే అయితే పొరపాటు అనుకునేవాణ్ణి.

బావ పాలు పిండాలని సాయంత్రమే ఊరికి వెళ్లాడు. పొద్దున ఎనిమిదికి నేను వార్డుకు వెళ్లేసరికి అక్క తల దువ్వుకుని, మెళ్లో తాడూ చేతుల గాజులూ తీసి రుమాల్లో మూట గట్టి, ఆకుపచ్చ గౌను వేసుకుని కూర్చుంది. ఆ మూట నా చేతిలో పెట్టింది.

"పక్క మంచం వాళ్లు ఇంటికి పోతా పోతా ఉప్మా పెట్టినారు. కడుపునిండా తిన్నాలే. మళ్లా ఎప్పుడు పెడతారో ఏమో."

"ఎప్పుడు తిన్నావక్కా?"

"ఇప్పుడే. ఏం? అన్నం తినలేదు గదా."

ఏమీ లేదన్నాను. అక్క బాత్‌రూముకు వెళ్లింది. అంతలో నర్సు కాగితాలు పట్టుకొచ్చింది. "పెద్దమ్మ పొద్దున ఏమన్నా తినిందా అన్నా?"

తిన్నది అని చెప్తే మళ్లీ వాయిదా. మళ్లీ శనివారం, మళ్లీ నాకు సెలవు, మళ్లీ బావ ముఖం చూడాలి. రెండుసార్లు చెప్పినా నీకు అర్థం కాలేదా అని ఆ అమ్మాయి నలుగురిలో అడుగుతుంది. ఇవన్నీ ఒక్కసారే మనసులో తిరిగాయి. ఉప్మా ఎంతసేపట్లో అరుగుతుందిలే అని కూడా అనుకున్నాను.

"లేదమ్మా. ఏమీ తినలేదు."

ఆమె రాసుకుంది. కింద నేను సంతకం పెట్టాను. లోపల మత్తు డాక్టరు కూడా అడిగాడట. "ఒక్కపొద్దు సార్" అందట అక్క. ఖాళీ కడుపేననుకున్నాడట ఆయన.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు వేశాక, మత్తు వదిలే వేళ అక్క కక్కుకుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు బయటికొచ్చి సూటిగా నన్నే అడిగాడు. "ఈమె తిన్నది. ఎప్పుడు తిన్నది?" అప్పుడైనా చెప్పాల్సింది. బావ నా పక్కనే ఉన్నాడు, అప్పుడే ఊరి నుంచి వచ్చాడు. "తినలేదు సార్" అన్నాను.

అంబులెన్సులో ఒంగోలు తీసుకెళ్లారు. ఇరవై రోజులు గొట్టాల మీద ఉంది. ఇంటికొచ్చాక కోలుకుంటుందని ఎదురుచూశాం. వెల్లకిలా పడుకోలేకపోయేది. గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. దగ్గొస్తే కుట్ల మీద మడిచిన తువ్వాలు అదిమిపెట్టుకునేది. దగ్గు తగ్గలేదు. ఆరు నెలలకు లోపలి కుట్లు వదిలి ఉబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి కొబ్బరికాయంత. ఇప్పుడు వాకిలి దాటి దొడ్లోకి వెళ్లాలంటే మధ్యలో ఒకసారి కూర్చుంటుంది.

మత్తు ఎక్కువిచ్చి చంపబోయారని అర్జీ పెట్టాలన్నాడు బావ. రాసింది నేనే. విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. రోగి కడుపులో తిండి ఉందని డాక్టరు చెప్పగానే బావ లేచాడు.

"మా ఆడమనిషి ముప్పై ఏండ్ల నుంచి శనివారం ఒక్కపొద్దు సార్! మెతుకు ముట్టదు. ఊళ్లో ఎవుర్నన్నా అడగండి."

బావకు ఉప్మా సంగతి తెలియదు. ఆయన నమ్మిందే చెప్పాడు. ఒక్కపొద్దంటే ఏమీ తినకపోవడమేననుకుని ఆఫీసరు కూడా తలాడించాడు. నర్సు నావైపు తిరిగింది. "అన్నా, నేను నీకు రెండుసార్లు చెప్పినా గదా. నువ్వన్నా చెప్పన్నా."

"చెప్పింది సార్. మేమేమీ పెట్టలేదు" అన్నాను.

తప్పు ఆసుపత్రిదేనని తేల్చి ఆ అమ్మాయిని దూరం బదిలీ చేశారు. మత్తు డాక్టరు రావడం మానేశాడు. అక్కడ ఆపరేషన్లు ఆగిపోయాయి. ఇప్పుడు మా వైపు ఆడవాళ్లు చిన్న కోతకు కూడా ఒంగోలు వెళుతున్నారు.

ఉబ్బుకు మళ్లీ ఆపరేషన్ చేయమని ఒంగోలులోనూ గుంటూరులోనూ అడిగాం. ఈ ఊపిరితిత్తులతో మత్తు తట్టుకోలేదన్నారు. పేగు మెలిపడితే మాత్రం చేయక తప్పదు, చేసినా లేస్తుందని చెప్పలేం అన్నారు. అక్క నమ్మలేదు. అర్జీ పెట్టామని డాక్టర్లంతా ఒక్కటై కక్ష గట్టారని, కొన్నాళ్లకు మరిచిపోయి చేస్తారని ఆమె లెక్క.

పోయిన నెల బావ చేనుకు పోయినప్పుడు వెళ్లి అంతా చెప్పాను. ఒక్కపొద్దు అన్న మాట దగ్గర్నుంచి ఆఫీసరు ముందు అన్న మాట వరకు. అక్క చాట ఒళ్లో పెట్టుకుని కందికాయలు వలుస్తోంది. ఆమె గొంతు ఇప్పుడు గాలి కలిసి వస్తుంది, దగ్గరికి జరిగితేగానీ వినపడదు.

"ఉప్మాకా ఇంత?" అంది.

"నేను సరిగ్గా చెప్పలేదక్కా. అబద్ధమాడినాను."

"తిన్నది నేను గదరా. పెట్టినారు గదాని కడుపునిండా తిన్నా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఆ పిల్లను ఎన్ని తిట్లు తిట్టినానో. దానికి తగిలింటాయి."

"నువ్వేం చేసినావక్కా, చేసిందంతా నేను."

వినిపించుకోలేదు. "మీ బావకు చెప్పాకు. నా తిండిపోతుతనానికి ఇదంతా అయిందని తెలిస్తే ఆయన ముఖం నేను చూడలేను."

నా మీది బరువు దించుకుందామని వెళ్లి ఆమె మీద పెట్టాను. ఎంత చెప్పినా అది మళ్లీ నా మీదికి రాలేదు. నర్సు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో తెలుసుకున్నాను. ఇంకా వెళ్లలేదు.

నేను చెప్పులేసుకుంటుంటే అక్క అడిగింది.

"అయితే డాక్టర్లకు మనమీద కోపమేం లేదా?"

"లేదక్కా."

"నిజంగా నా ఊపిరితిత్తులు చెడినందుకే ఆపరేషన్ చెయ్యం అంటున్నారా?"

"అవునక్కా."

"సరేలే. పో, బస్సు పోతాది" అంది.