వంతెన బావిలో ఆగిన తాడు

నా పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను... ఇది నా కళ్లెదుట జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. జమ్మలమడుగు దగ్గర పెన్న మీద వంతెన కడుతున్నారు. మా ఆయన దానియేలు, మద్రాసు హార్బరులో నీళ్లడుగున పని నేర్చిన డైవరు. ఆ రాత్రి, స్తంభం కోసం దింపిన సిమెంటు బావిలో, ఎనభై అడుగుల నీళ్ల కింద అడ్డుపడిన బండను పగలగొట్టి పైకి వస్తున్నారు. గట్టు మీద మస్తాన్ మామ, ఇంకొకతను చేతిపంపుతో ఆయనకు గాలి కొడుతున్నారు. ఆయన నడుముకు కట్టిన తాడు పట్టేవాడికి జ్వరం. చంకలో ఐదు నెలల పాపతో... నేను పట్టుకున్నాను.

లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు. ఇరవై అడుగుల దగ్గర ఆగాలి. పది అడుగుల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాలి. లేకుంటే ఒంట్లో చేరిన గాలి నెత్తుట్లో బుడగలవుతుంది. కాళ్లు పడిపోతాయి. ప్రాణమే పోవచ్చు. ఎక్కడ ఆపాలో తెలిసేలా తాడుకు ఎర్రగుడ్డలు కట్టి ఉంటాయి.

ఇదంతా సూపర్‌వైజర్ ఓబయ్యకు చెప్పడం దండగ. జేబులో మూడు పెన్నులు, బుర్రలో ఒక్క ముక్క లేదు.

"ఏటికి నీళ్లొస్తాండాయి. నీ మొగుడేమో లోపల ఉయ్యాలూగుతాండాడు! లాగండప్పా!"

"పది అడుగుల కాడ ఉండారు. ఇంకా ఇరవై నిమిషాలు ఆగల్ల."

"బీయే చదివినమ్మ చెప్తాంది, ఇనండ్రా!" పళ్లికిలించి తాడు లాక్కున్నాడు.

"నేనైతే పంపు ఇడ్చను అమ్మాయ్. నువ్వు టైం చూడు," అన్నాడు మస్తాన్ మామ.

ఓబయ్య ఇద్దరు కూలీలతో కలిసి లాగాడు. తాడు జానెడు కదిలింది... ఆగింది.

కింది నుంచి ఒక గుంజు. మా సైగల్లో ఒక గుంజంటే... ఆపమని.

మళ్లీ లాగారు. మళ్లీ ఒక గుంజు. ఆ తర్వాత తాడు బిర్రుగా నిలిచిపోయింది. ముగ్గురు మగాళ్లు... రొప్పుతున్నారు. పంపు... కిర్రు... కిర్రు... నీటి మీద ఆయన ఊపిరి బుడగలు మాత్రం నెమ్మదిగా, ఒకే చోట. పెట్రోమాక్సు వెలుగులో తాడు మీద నీటిచుక్కలు వణుకుతున్నాయి. ఓబయ్య తిట్టి తిట్టి అలిసిపోయాడు.

నా గడియారంలో ఇరవై నిమిషాలు నిండాయి. తాడు... దానంతటదే వదులైంది.

ఆయన పైకొచ్చారు. తలకు బిగించిన రాగి టోపీ ఊడదీశారు. లేచి నడిచారు.

"ఎంత గట్టిగా గుంజినారు మీరు!" అన్నాను ఏడుస్తూ.

"నేనేడ గుంజినా? రెండు చేతుల్తో, దిగేదానికి ఏలాడగట్టిన ఇంకో తాడు పట్టుకోని ఉంటి. పైన లాగిందే తెలీలే."

"ఇనుప చువ్వకు తగులుకోనుంటాది," అన్నాడు ఓబయ్య, తను చంపబోయిన మనిషి ముందే బీడీ ముట్టిస్తూ.

వరద తీశాక ఆయన మళ్లీ దిగి బావి గోడంతా తడిమారు. నున్నటి సిమెంటు. చువ్వ లేదు.

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లన్నా నాకు చులకనే. కానీ ఆ గుంజులు... ఎవరివో నాకిప్పటికీ తెలీదు. ఎవరైనా కానీ, ఓబయ్య కంటే మనిషి.