హుప్పమ్మ పియానో

హుప్పమ్మకు ఆ పేరు పెట్టింది ఆమె అత్తగారే. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవర్నో అనుకుని ఆమె కూడా వెనక్కి తిరిగి చూసేది.

పెద్ద హోటల్లో నేల తుడిచే పని ఆమెది. అక్కడి సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఒక పాత పియానో ఉండేది. మధ్యాహ్నం పని తెమిలాక చీపురు గోడకి చేర్చి, రేడియోలో విన్న పాటల్ని దానిమీద వెతుక్కునేది. నేర్పేవాళ్ళు లేరు. పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ "ఇవాళ ఇంకొక్క చరణం చూపించు తండ్రీ" అని అడిగేది. ఆయన చూపించేవాడు. చిక్కల్లా ఒక్కటే. ఆ పియానోలో నడిమి మెట్లు రెండు మూగవి, ఎంత నొక్కినా పలకవు. పాట అక్కడికి రాగానే వేళ్ళు వాటిని దాటేసేవి, లోటు రాకుండా ఆమె నోటితో "హుప్!" అనేది. ఆరేళ్ళు అదే సాధన. వంటాయన రోజూ తలుపు సందులో ఆమెకో టీ గ్లాసు పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవాడు.

అంతలో భోజనాల హాల్లోకి కొత్త పియానో వచ్చింది. వాయించడానికి పెట్టుకున్న మనిషి వారం తిరక్కుండా మానేశాడు. వంటాయన వెళ్ళి మేనేజరుకి ఈమె సంగతి చెప్పాడు. మేనేజరు ఆమెను పిలిచి ఒక పాట వాయించమని, అది విని తల పట్టుకున్నాడు.

"వాయించడం బానే ఉందమ్మా. మధ్యలో ఆ హుప్పేంటి? తినేవాళ్ళకి పొలమారదూ? శనివారం సాయంత్రం ఒక్క అవకాశం ఇస్తా. నోరు మెదిపావో, మళ్ళీ చీపురే!"

కొత్త పియానోలో అన్ని మెట్లూ పలుకుతాయి. కానీ ఆరేళ్ళుగా అలవాటుపడ్డ వేళ్ళు వింటేనా! ఆ రెండింటినీ దాటేస్తాయి, వెంటనే నోరు లేస్తుంది.

"నావల్ల కాదత్తయ్యా," అంది శనివారం పొద్దున, కళ్ళనీళ్ళతో.

అత్తగారు కొంగుముడి విప్పి, గోళీ అంత పిప్పరమెంటు బిళ్ళ తీసింది. "ఇది బుగ్గన పెట్టుకుని పెదవి బిగించు. మీ మామగారిని ముప్పై ఏళ్ళు దీంతోనే ఊరుకోబెట్టా."

సాయంత్రం హాలు నిండిపోయింది. రెండు పాటలు గండం గడిచాయి. మూడోది హుషారు పాట. వేళ్ళు పరుగెత్తాయి, ఒళ్ళు మరిచిపోయింది.

"హుప్!"

బిళ్ళ గాల్లోకి లేచి, పక్కనే నిలబడ్డ మేనేజరు కాఫీ కప్పులో టుప్పున పడింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్ళముందు చీపురొక్కటే కనబడింది. అప్పుడు మూలనుంచి ఒక బోసినోటి తాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆపావేం తల్లీ? కానీ, కానీ!"

ఆమె మళ్ళీ అందుకుంది. ఈసారి ఆ చోటు రాగానే పెదవులు గట్టిగా బిగించింది. వేళ్ళు దాటేశాయి. ఆ ఖాళీలో హాలు హాలంతా ఒక్క గొంతుతో అరిచింది: "హుప్!"

పాట అయ్యేసరికి చెంచాలు కూడా తాళం వేస్తున్నాయి. మేనేజరు కప్పులోంచి బిళ్ళ తీసి, చేతిరుమాల్లో చుట్టాడు.

"ఇప్పుడు నేను నోరు మెదపలేదండీ," అందామె బిక్కచచ్చి.

"మెదుపు తల్లీ, మెదుపు. సోమవారం నుంచి రోజూ మెదుపు. చీపురుకి ఇంకొకరిని చూసుకుంటా. బిళ్ళ మాత్రం ఇంట్లో పెట్టి రా."

పంతొమ్మిదేళ్ళు వాయించింది. శ్రుతి చేసే ఆయన ఏటా వచ్చి, మిగతావన్నీ అరిగి మాసిపోయినా ఆ రెండు మెట్లు మాత్రం కొత్తగా మెరుస్తుండటం చూసి ఆశ్చర్యపోయేవాడు.

"అవి ముట్టుకోరా మీరు?"

ముందు బల్ల దగ్గర కూర్చున్న అత్తగారు జవాబు చెప్పేది. "ఆ రెండూ వినేవాళ్ళవి నాయనా. కూర్చో, బిళ్ళ తింటావా?"