పన్నెండు ఇళ్ళకు ఊరకే దుడ్డు

పంతొమ్మిది వందల యాభైలలో కడప జిల్లా అంతటికీ నెలనెలా ఊరకే డబ్బు పంచినవాణ్ణి నేను. మనవళ్ళకు ఇలాగే చెప్పుకొస్తున్నాను. రాసేటప్పుడు చేయి ఒప్పుకోవడం లేదు. జిల్లా కాదు, మైదుకూరు దగ్గర ఒక పల్లెలో ఒకే వీధి, పన్నెండు ఇళ్ళు. డబ్బూ నాది కాదు.

కడపలో ఒక పెద్దాయన ఉద్యోగం దిగిపోయి పింఛను తింటూ ఉండేవాడు. పని చేయకుండానే తనకు నెల తిరిగేసరికి డబ్బు వస్తోంది కదా, కూలివాళ్ళకూ అలా వస్తే ఏం మారుతుందో చూడాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఇంటికి నెలకు ఏడు రూపాయలు. ఎందుకని అడిగేది లేదు, తిరిగి ఇచ్చేది లేదు. సోమవారం సోమవారం పోయి ఎవరు పనికి పోయారో, ఎవరు ఇంట్లో ఉన్నారో రాసుకు రావడం నా పని. గుర్రం మీద పోయేవాణ్ణని చెప్పాలనుంది కానీ, అద్దె సైకిలు.

చిక్కంతా ఆ రాతతోనే వచ్చింది. ఇంట్లో కనబడితే డబ్బు ఆపేస్తారని వీధి వీధంతా అనుకుంది. నా సైకిలు గంట వినబడితే చాలు, మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని ఎండిన చేలల్లోకి పోయి నిలబడేవాళ్ళు. లేవలేని ఒక తాతకు కూడా చేతికి కొడవలి ఇచ్చి గడపలో కూర్చోబెట్టారు.

కదలనిది ఒకామె. మొగుడు పోయిన మనిషి. విత్తనాలకు చెనక్కాయలు వొలిచి వొలిచి కుడిచేతి బొటనవేలు గోరు లేచి, చీము పట్టింది. ఏడు రూపాయలు వచ్చినాక వొలుపుడుకు పోవడం మానేసి, వేలికి పసుపు గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"ఏమప్పా, నన్నేమని రాస్తాండావు?" అని అడిగింది.

"ఇంట్లో ఉండావని."

"ఈ వేలు మానేదాకన్నా ఆగప్పా. నా ఒక్కదాని వల్ల అందరి దుడ్డూ పోతాది."

జాలిపడి పనికి పోయిందని రాశాను. జాలి అన్నది సగమే. ఆమె పెట్టిన మజ్జిగ అప్పటికే తాగి ఉన్నాను.

మూడు నెలలకు పెద్దాయన నా పుస్తకమంతా చదివాడు. నా చేతిరాతను శానా మెచ్చుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఏమీ మారలేదే నాయనా. ఇచ్చినా అదే పని, ఇయ్యకున్నా అదే పని. ఇంగ ఇచ్చేదెందుకు?" అన్నాడు.

మారిందని, ఒక వేలు మానుతోందని అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే నా రాత అబద్ధమని తేలుతుంది. మెప్పు వదులుకోలేక నోరు మూసుకున్నాను. ఆయన పిసినారి, అందుకే ఆపేశాడని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పింది నేనే.

ఆపేశారని వీధిలో చెప్పడానికి ఆఖరిసారి పోయాను. వార్త నాకంటే ముందే చేరింది. అరుగు ఖాళీగా ఉంది. ఆమె మండీ వాకిట్లో చెనక్కాయల రాశి ముందు కూర్చుని, వేలు మానలేదు గనుక కాయను పళ్ళతో కొరికి పగలగొడుతోంది. నన్ను చూసి నోట్లో పొట్టు పక్కకు ఉమ్మింది.

"రాసుకోప్పా," అంది. "ఈ పొద్దు పనిలోనే ఉండా."