తొమ్మిది లెక్కపెట్టిన శుక్రవారం

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత లెక్కలన్నీ నా అంతట నేనే నేర్చుకున్నాను. సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. లారీ మీద ఎన్ని బస్తాలున్నాయో దించకముందే చెప్పగలను. బావి తవ్వించేవాళ్లు ఎన్ని బండ్ల మట్టి వస్తుందో నన్ను అడిగి పోతారు. కొలతకు అందని వాటి గురించి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

తొంభైల మొదట్లో మా వాడకట్టులో ఫోన్ ఉన్నది మా ఇంట్లోనే. గల్ఫ్‌కు పోయిన పిల్లల ఇళ్లు పదకొండు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటితే ఫోన్ మోగటం మొదలయ్యేది. తల్లులందరూ మా అరుగు మీద వచ్చి కూర్చునేవారు. ఎవరి ఫోన్ ఎప్పుడో తెలియక గొడవ పడేవారు. ఒకరి కొడుకు మాట్లాడుతుంటే ఇంకొకరి కొడుక్కి లైన్ దొరికేది కాదు.

అందుకని నేనొక పట్టిక రాశాను. తల్లి పేరు, కొడుకు పేరు, ఏ దేశం, ఏ టైము. మనిషికి ఐదు నిమిషాలు. కింద మా ఫోన్ నంబరు పెద్ద అంకెలతో వేశాను. కొడుకులకు ఉత్తరం రాయించేటప్పుడు చూసి రాసుకుంటారని దాన్ని అట్టకు అంటించి బయట గేటుకు కట్టాను. గొడవలు పోయాయి. నేను గడియారం పట్టుకుని నిలబడేవాడిని.

"తమ్మి గడియారం జూస్తే సాలు, మా పోరగాండ్ల నోరు మూతవడ్తది" అని ఆడవాళ్లు నవ్వేవారు.

గల్ఫ్ ఫోన్‌కు ఒక గుణం ఉండేది. మనం మాట ముగించాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాతే జవాబు. బస్తాలు లెక్కపెట్టే వేగంతో ఆ నిశ్శబ్దాన్ని లోపల లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. ఎప్పుడూ రెండే. దుబాయి నుంచైనా రెండే, మస్కట్ నుంచైనా రెండే. మాట ఆకాశంలో ఉన్న ఉపగ్రహం దాకా పోయి కిందికి రావాలి, అందుకే ఆలస్యమని ఫోన్ బాగుచేయడానికి వచ్చిన లైన్‌మన్ చెప్పాడు. కరీంనగర్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే ఫోన్‌కు ఆ ఎడం ఉండదు.

మా ఇంటికి మూడో ఇల్లు రాజక్కది. అసలు పేరు రాజవ్వ. అరవై దాటిన మనిషి. భర్త లేడు. ఒక్కడే కొడుకు, మల్లేశ్. మస్కట్‌లో ఇళ్లు కట్టే పనిలో నాలుగేళ్లుగా ఉన్నాడు. నన్ను మామా అంటాడు. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తల్లికి ఒక వరుస బంగారు గుండ్లు చేయించాడు. కోడలు వచ్చిననాడు ఆమె మెడలో వేస్తానని, అందాకా తన మెడలో కాపాడుతున్నానని రాజక్క అనేది.

పట్టికలో మల్లేశ్ టైము మూడు గంటల పది నిమిషాలు. ఒక శుక్రవారం మూడు కాకముందే ఫోన్ వచ్చింది. మస్కట్ నుంచి, రాజవ్వను పిలవమన్నారు. ఆమె రిసీవర్ అందుకుని "హలో బిడ్డా" అన్నదో లేదో అవతల మాట వినిపించింది. ఒకటి అనుకునే వ్యవధి కూడా లేదు. కొత్త లైను వేశారేమో అనుకున్నాను. ఆమె ఒక్కసారి "అయ్యో" అన్నది. తర్వాత గోడ వైపు తిరిగి, చేయి అడ్డుపెట్టుకుని మెల్లగా ఏదో మాట్లాడింది. రిసీవర్ పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ వారం మల్లేశ్ ఫోన్ రాలేదు. ఓవర్‌టైం ఉంటే రాకపోవటం మామూలే.

ఫోన్లన్నీ అయ్యాక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గడప మీద కూర్చుని ఉంది.

"ఏమైంది రాజక్కా?"

"ఏం లేదు తమ్మీ."

"ఏం లేకుంటే మెడ బోసిగెందుకున్నది?"

అప్పుడు ఏడ్చింది. "పోరన్ని పోలీసోళ్లు పట్టుకున్నరట. వాని రూముల ఉండేటాయన జెప్పిండు. ఎవ్వలకన్న జెప్తే కేసు పెద్దగైతదట. నీకైతే అస్సలే జెప్పద్దన్నడు. పైసల్లేవు, మెడల గుండ్లే ఉన్నయన్న. వాళ్ల తమ్ముడు బస్టాండుకు వస్తడట, గుండ్లు ఆయన చేతుల పెడితే పోరన్ని ఇడిపిస్తడట."

"వానికి నీ సంగతంత ఎట్ల తెలిసింది?"

"అన్ని తెలుసు తమ్మీ. నా పేరు, పోరని పేరు, వాడు మూడు గొట్టినంక ఫోన్ జేసుడు సుత."

అదృష్టం ఏమిటంటే, ఒక్కసారి కొడుకు గొంతు వినిపిస్తే గుండ్లు ఇస్తానని ఆమె మొండికేసింది. వచ్చే శుక్రవారం వినిపిస్తామన్నారు.

ఇంటికి వచ్చి గేటు ముందు నిలబడ్డాను. ఆ మనిషికి తెలిసినవన్నీ వరుసగా నా చేతిరాతలోనే ఉన్నాయి. దారిన పోయే ఎవడైనా చదువుకోవచ్చు. తాడు తెంపి అట్టను లోపల పడేశాను.

మర్నాడు పోలీసు స్టేషన్‌కు వెళ్తే, ఇంకా ఏం పోలేదు కదా, ఏమని రాసుకోవాలి అన్నారు. మల్లేశ్‌కు ఉత్తరం రాశాను. అది చేరటానికి రెండు వారాలు. వాళ్లుండే క్యాంపులో ఫోన్ లేదు, రోడ్డు మీది ఫోన్ బూత్ నుంచే చేసేవారు. అడిగి తెలుసుకునే దారి లేదు.

రాజక్కకు కూర్చోబెట్టి చెప్పాను. తొందరపెట్టేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు, ముక్కూ ముఖం తెలియని మనిషి చేతికి ఇమ్మనేవాడు, ఈ ముగ్గురూ ఒక్కడే అయితే వాడు దొంగే అన్నాను. జవాబుకు ముందుండే ఎడం గురించి కూడా చెప్పాను.

"గా లెక్కలు నాకెర్కలేవు తమ్మీ. ఏడ్సే గొంతు ఇంటే నా కొడుకే అనుకుంట" అన్నది.

అది నిజం. అందుకని మల్లేశ్‌కు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటి అడగమన్నాను. ఆమె ఆలోచించి, ఆ రోజుల్లో మొదటిసారి నవ్వింది. విమానం ఎక్కితే కడుపులో తిప్పుతుందని ఎవరో చెబితే, కొడుకు బయలుదేరేటప్పుడు వాసన చూసుకొమ్మని అంగీ కీసలో, అదే జేబులో, వెల్లుల్లి పెట్టిందట. మా వైపు ఎల్లిగడ్డ అంటాం. స్నేహితులు నవ్వుతారని వాడు సిగ్గుపడి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

శుక్రవారం వచ్చింది. మిగతా ఆడవాళ్లను ఆలస్యంగా రమ్మన్నాను. సరిగ్గా మూడు గంటల పదికి ఫోన్ మోగింది. రిసీవర్‌ను ఆమె చెవికీ నా చెవికీ మధ్య పట్టుకున్నాను. నేను వింటున్నట్టు అవతలివాళ్లకు తెలియకూడదని ఊపిరి కూడా మెల్లగా తీశాను.

జలుబు చేసినట్టు గొంతు. ఏడుపు. "అవ్వా, నేనే. నన్ను మస్తు కొడుతున్నరే."

 రాజక్క చేతిలో గుండ్లు ఉన్నాయి. ఇంటి దగ్గర పెట్టి రమ్మన్నా వినకుండా తెచ్చుకుంది.

"బిడ్డా, నువ్వు పోయిన్నాడు నీ అంగి కీసల నేనేం బెట్టిన?"

"గవన్ని ఇప్పుడెందుకే? గుండ్లు ఇస్తున్నవా లేదా?" ఎడం లేదు. వెంటనే వచ్చింది.

"ఏం బెట్టిన బిడ్డా, జెప్పు."

నిశ్శబ్దం. అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను. రెండు దాటింది. ఐదు దాటింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"ఎల్లిగడ్డ."

ఆ గొంతు వేరు. ఏడుపు లేదు, తొందర లేదు. నాలుగేళ్లు వారం వారం విన్న గొంతు. మల్లేశ్‌దే.

"అవ్వా, గుండ్లు ఇయ్యకు." ఆ తర్వాత, అవ్వను జాగ్రత్తగా చూసుకొమ్మని నాకు అప్పజెబుతున్నట్టు, ఇంకో మాట. "మామా, అవ్వ పైలం."

వెంటనే మొదటి గొంతు, ఈసారి జలుబూ ఏడుపూ లేకుండా, "ఎవడ్రా లైన్ల?" అన్నది. ఫోన్ కట్ అయింది. అంటే ఆ గొంతును మా ఇద్దరితో పాటు వాడు కూడా విన్నాడు.

"ఇన్నవా తమ్మీ? నా కొడుకు!" అంటూ రాజక్క అక్కడే గుండ్లు మెడలో వేసుకుంది. ఇంటింటికీ చక్కెర పంచింది. నేను అందరికీ వివరం చెప్పాను. మల్లేశ్ తన టైముకు తాను ఫోన్ చేశాడు, ఈ దొంగ లైనూ ఆ లైనూ కలిసిపోయాయి. ఆ రోజుల్లో లైన్లు కలవటం అందరికీ తెలిసిందే. నా లెక్కలో అన్నీ సరిపోయాయి, ఆ తొమ్మిది తప్ప. రిసీవర్‌లో నేనూ వింటున్నానని మల్లేశ్‌కు ఎలా తెలుసన్నది అప్పటికి తోచలేదు.

ఆదివారం పొద్దున మళ్లీ ఫోన్. ఇంట్లో నేనొక్కడినే.

"అన్నా, మస్కట్ నుంచి మాట్లాడుతున్న. మల్లేశ్ గురువారం పొద్దుమూకినంక సచ్చిపోయిండు. సైటు నుంచి వస్తుంటే బండి బోల్తపడ్డది. శవాన్ని పంపాల్నంటే ఇంటోళ్ల కాయితం గావాలె."

"ఎవలు నువ్వు?" అని అడిగి లెక్కపెట్టాను. రెండు. సరిగ్గా రెండు.

ఆ రెండును నేను విన్నాను. విని కూడా పక్కన పెట్టాను. శుక్రవారం నా చెవులతో విన్న మనిషి గురువారం ఎలా చనిపోతాడు? ఇంతకంటే తేలికైన లెక్క ఏముంది?

"వాళ్లవ్వ వాని కీసల ఏం బెట్టిందో జెప్పు" అన్నాను.

"నాకేమెర్క అన్నా? జర నా మాటిను."

తిట్టి పెట్టేశాను. గంటలో మూడుసార్లు చేశాడు. మూడోసారి రిసీవర్ ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాను. అందులోంచి "అన్నా, అన్నా" అని చాలాసేపు సన్నగా వినిపించింది. రాజక్కతో మళ్లీ ఆ దొంగలే చేశారని చెప్పాను.

"మంచిగ వెట్టేసినవ్ తమ్మీ" అన్నది.

తర్వాతి శుక్రవారం ఆమె మా అరుగు మీద మూడు నుంచి ఐదున్నర దాకా కూర్చుంది. శనివారం టెలిగ్రాం వచ్చింది.

కాగితం పంపాక శవపెట్టె రావటానికి ఇంకా రెండు వారాల పైన పట్టింది. పెట్టె తెరవొద్దని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. ముఖం ఒక్కసారి చూస్తానని రాజక్క పెట్టె చెక్కను గోళ్లతో గీకింది. తెరవనివ్వలేదు. ఆదివారం నుంచి శనివారానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజులు నా వల్ల పోయాయి. ఆరు రోజులు ముందు వచ్చి ఉంటే ఆ పెట్టె తెరవనిచ్చేవారా? ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క నాకు తేలలేదు.

మరణ పత్రం ఇంగ్లీషులో ఉంటే పోస్టుమాస్టరుతో చదివించాను. గురువారమే. మళ్లీ చదవమన్నాను. గురువారమే.

కొన్ని నెలలకు మల్లేశ్ రూములో ఉండే అతను సెలవు మీద వచ్చి, నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చాడు. నోరు విప్పగానే గుర్తుపట్టాను, ఆదివారం గొంతు అదే. ఆ శుక్రవారం అక్కడి నుంచి మాకు ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగాను. లేదన్నాడు. ఆ మధ్యాహ్నం అందరం ఆసుపత్రి బయటే కూర్చున్నామన్నాడు. ఎల్లిగడ్డ సంగతి మల్లేశ్ ఎన్నడైనా చెప్పాడా అంటే, దాని సంగతేమిటని నన్నే అడిగాడు.

"నువ్వట్ల అడుగుడు తప్పుగాదన్నా. గా దొంగల గురించి నాకేం తెలుసు?" అన్నాడు పోయేటప్పుడు. తిట్టి ఉంటే బాగుండేది.

దొంగ దొరకలేదు. బస్టాండుకు ఎవరూ రాలేదు. గేటుకు మళ్లీ పట్టిక కట్టలేదు.

రాజక్క ఆ ఆరు రోజుల గురించి నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. గుండ్లు మెడలోనే ఉన్నాయి. లేచి పోయే ముందు ఒక్కటే అడుగుతుంది.

"నువ్వు సుత ఇన్నవు గదా తమ్మీ?"

"ఇన్ననక్కా" అంటాను.

తొమ్మిది సంగతి ఆమెకు చెప్పలేదు. లైన్లు కలిశాయని కొందరు, ఎవరో గొంతు మార్చి మాట్లాడారని కొందరు, కొడుకు మీది ధ్యాసలో ఆమె భ్రమపడితే పక్కనున్న నువ్వూ పడ్డావని కొందరు అన్నారు. ఒక్కొక్కదాన్నీ పెట్టి చూశాను. ఏదీ తొమ్మిదికి సరిపోదు.

మాట ఆకాశం దాకా పోయి రావటానికి రెండు పడుతుంది. తొమ్మిదికి ఎంత దూరమో తేల్చటానికి కాగితం తీసుకుని చాలాసార్లు కూర్చున్నాను. మొదటి అంకె వేశాక నా చేయి ముందుకు పోదు.