తొట్టిలో వంచిన సగం బిందె

నేను మొదటి నుంచీ అనుమానం మనిషిని. ఎనభైల్లో, పొదిలి అవతల మెట్ట పొలాల ఫారంలో, ఎండ రోజుకు ఎంత నీటిని ఆవిరి చేస్తుందో కొలిచే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆరుబయట ఇనప తొట్టి, పక్షులు తాగకుండా పైన వల. తగ్గినంత నీటిని పొద్దున్నే కొలగ్లాసుతో గుర్తు దాకా పోసి, ఎంత పట్టిందో పుస్తకంలో రాయాలి. అంతే పని.

ఆ ఏడు ఏప్రిల్లో తొట్టికి వానాకాలంలో పట్టినన్ని నీళ్లే పట్టసాగాయి. బయట చూస్తే మిరప కల్లాల్లో కాయలు ఎండి గలగలమంటున్నాయి. ఆఫీసరు గారు నన్ను తొట్టి పక్కనే నిలబెట్టి కడిగేశారు.

"ఇక్కడికొచ్చి కొలుస్తున్నావా, ఇంట్లో కూర్చుని రాస్తున్నావా? ఇంకోసారి ఇలా ఉంటే ఇంటికే పోదువుగాని."

మర్నాటి నుంచి అంకె ఇంకా తగ్గింది. ఎవరో నీళ్లు పోస్తున్నారు, సందేహం లేదు. చేతిపంపు దగ్గర బిందెలు బారులు తీరే చోట ఊరికే ఎవరు పోస్తారు? వాచ్‌మన్ అల్లుడు పని లేక తిరుగుతున్నాడు. నా ఉద్యోగం మీద కన్నేశారని తేల్చేసుకుని, వాచ్‌మన్ ఇచ్చే టీ కూడా మానేశాను. ఒక సాయంత్రం విత్తనాల గదిలో మాటు వేశాను.

వచ్చింది ఫారం ఊడ్చే కూలీ ఆవిడ. పంపు కొట్టి కొట్టి ఇంటికని నింపుకున్న బిందెలో సగం వల మీంచి తొట్టిలోకి వంచింది.

"ఎవరు పొయ్యమన్నారమ్మా నిన్ను?"

"ఎవరంటారయ్యా? రోజూ తగ్గిందని రాసుకుంటన్నారు, పాపమనిపించి పోశా. ఆఫీసరు గారు మిమ్మల్ని ఈ తొట్టికాడే తిట్టారు గదా, ఆ రోజు నుంచి ఇంకో రెండు చెంబులు ఎక్కువే పోస్తన్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. విడమరిచి చెప్పే ఓపిక లేక, "ఇక పొయ్యొద్దమ్మా" అని మాత్రం అన్నాను. తిరిగి వస్తూ వాచ్‌మన్ దగ్గర టీ అడిగి తాగాను.

రెండో రోజుకే అంకె అమాంతం పెరిగింది.

"అంటే ఇన్నాళ్లూ రాసినవి దొంగ లెక్కలేగా?" అన్నారు ఆఫీసరు గారు.

ఆమె సంగతి చెబితే నేను బయటపడతాను, ఆమె పని పోతుంది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. వారం తిరక్కుండా నన్ను తీసేశారు.

సంచి సర్దుకుని వెళ్తుంటే గేటు దగ్గర ఆవిడ ఎదురొచ్చింది.

"పొయ్యొద్దన్నారు, ఆపేశా," అంది కళ్లొత్తుకుంటూ. "చూశారా అయ్యా, నీళ్లు తగ్గినయ్యి, ఉద్యోగం పోయింది."